తడి ఆరకముందే

ఈ చలికాలం నా చెంపలు పగిలాయి. ఎనభై దాటిన మనిషికి చెంపలు పగలడం పెద్ద వార్తేమీ కాదు. కానీ నవ్వితే మంట, ఆవులిస్తే మంట, దిండు గలీబు నిండా పొట్టు. చూసి చూసి మా మనవరాలు నన్ను సికింద్రాబాదులో ఒక చర్మం డాక్టరు దగ్గరకు తీసుకుపోయింది. డాక్టరు చిన్నపిల్ల. మనవరాలు నాకు కొనిపెట్టిన సీసాలన్నీ సంచిలోంచి తీసి ఆమె బల్ల మీద వరుసగా పేర్చింది. ఒకదాని మీద హైడ్రేటింగ్ అని ఉంది, ఇంకోదాని మీద మాయిశ్చరైజింగ్ అని ఉంది. రెండూ ఒకటే కదా, రెండెందుకని అడిగాను. "ఒకటి కాదు అమ్మమ్మా. చర్మానికి ముందు నీళ్ళు కావాలె. ఆ నీళ్ళు గాలికి ఎగిరిపోకుండ పైన సన్నటి జిడ్డు పొర కావాలె. వయసుల ఉన్నప్పుడు ఆ జిడ్డు చర్మమే తయారుచేసుకుంటది, ఇప్పుడు దానితోని కాదు. మీరేమో మొఖం బాగా తుడుచుకొని, ఎండినంక క్రీము రాస్తున్నరు. లోపల నీళ్ళే లేనప్పుడు పైన ఎంత రాస్తే ఏం లాభం? గోరువెచ్చటి నీళ్ళతోని కడుక్కోండ్రి, గట్టిగ తుడువకండ్రి, తడి ఆరకముందే రాయండ్రి" అంది. నేను కుర్చీలోంచి లేవలేదు. తల తిరిగిందేమోనని మనవరాలు మంచినీళ్ళు తెచ్చింది. తల తిరగలేదు. తడి ఆరకముందే అన్న ఆ మాట నా చిన్నతనంలో, మెదకులో, చలికాలపు ప్రతి పొద్దునా నేను విన్నదే. అన్న మనిషి పోయి ఎన్నేళ్ళయిందో, ఎక్కడ పోయిందో కూడా నాకు తెలియదు.

మా ఇల్లు మెదకులో పెద్ద చర్చికి వెనకవాడలో ఉండేది. మా బాపు మిషను బడిలో చిన్న తరగతులకు పాఠాలు చెప్పేవాడు. ఊళ్ళో అందరికీ ఆయన దానం సారు. అమ్మ రత్నమ్మ, ఇంటిపని ముగించుకుని ఆదివారాలు చర్చిలో పాటలు ఎత్తుకునేది. మా గోడను ఆనుకునే పన్నీరు సాయబు ఇల్లు. ఆయన అసలు పేరు పిల్లలకెవరికీ తెలియదు. పన్నీరు తీసి అమ్ముతాడు గనక పన్నీరు సాయబు. ఆయన భార్యను నేను ఖాలా, అంటే పిన్ని, అని పిలిచేదాన్ని. వాళ్ళకు పిల్లలు లేరు. రెండిళ్ళ మధ్య మట్టిగోడ ఒకచోట వానకు కూలింది. దాన్ని తిరిగి కట్టించాలని బాపు ఏటా అనుకునేవాడు, ఏటా మానేసేవాడు. ఆ సందులోంచే పొయ్యిలోకి నిప్పులు, పాలలోకి తోడు, నేను, అటూ ఇటూ తిరుగుతుండేవాళ్ళం.

శివ్వంపేట దిక్కు తోటల నుంచి గులాబీలు ఎడ్లబండి మీద గంపలతో పొద్దు పొడవకముందే దిగేవి. సాయబు వాటిని రాగి డేగిసాలో వేసి, నీళ్ళు పోసి, మూత చుట్టూ తడిపిన గోధుమపిండి అతికించి, కింద సన్నటి మంట పెట్టేవాడు. ఆవిరి వెదురు గొట్టంలోంచి పోయి, చన్నీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టిన కుండలో చుక్కచుక్కగా పన్నీరయ్యేది. భట్టీ వెలిగించిన రోజున ఆయన ఉల్లిగడ్డ తినడు, బీడీ ముట్టడు, ఎవరితోనూ గట్టిగా మాట్లాడడు కూడా. మొదటి చుక్కలను మణికట్టు మీద వేసుకుని, కళ్ళు మూసుకుని వాసన చూసేవాడు. బాగుంటే ఏమీ అనడు. బాగాలేకపోతే ఖాలాను పిలిచి ఆమెకూ చూపించేవాడు. ఆమె "మంట ఎక్కువ పెట్టినవ్, నేను పొద్దుగాల్నే చెప్పలేదా" అనేది. ఊళ్ళో పెళ్ళిళ్ళన్నిటికీ, హిందువులవైనా తురకలవైనా మా చర్చి పెళ్ళిళ్ళైనా, చల్లే పన్నీరు ఆ ఇంటిదే.

నాది పుట్టుకతోనే బిరుసు చర్మం. చలి మొదలైతే చెంపలు బీటలు వారి నెత్తురు కారేది. బడిలో పిల్లలు నన్ను బల్లి అని పిలిచేవాళ్ళు. అమ్మ నా మొహానికి ఆముదం మర్దించేది, ఎంత మర్దించినా పైన జిడ్డు, కింద పగుళ్ళు. ఒకసారి బాపు దవాఖానాలో అడిగి గ్లిసరిన్ తెచ్చాడు. అమ్మ దాన్ని ఉన్నదున్నట్టు పొడి చెంపలకు పట్టించింది. నేను పెట్టిన ఏడుపుకు ఖాలా గోడసందులోంచి పరుగెత్తుకొచ్చింది. నన్ను తొట్టి దగ్గరకు తీసుకుపోయి నీళ్ళు కొట్టి కొట్టి అదంతా కడిగేసింది. తర్వాత అమ్మతో మెల్లగా అంది: "రత్నమ్మా, గ్లిసరిన్ ఒట్టిగ పెట్టొద్దు. దానికి దూప ఎక్కువ. గాలిల నీళ్ళు దొరక్కపోతే పిల్ల తోలుల ఉన్న నీళ్ళే గుంజుకుంటది. నూనె కూడా గంతే. ఎండిన తోలు మీద నూనె పూస్తే నూనె పూసినట్టే ఉంటది, తోలు ఎండినట్టే ఉంటది. ముందుగాల నీళ్ళు తాగియ్యాలె. రేపటిసంది పిల్లను నాకు ఇయ్యి."

అమ్మకు కొంచెం కష్టమనిపించింది. కానీ మర్నాడు పొద్దున నన్ను పంపించింది. ఆ తర్వాత ప్రతి చలికాలం నా పొద్దులు ఖాలా ఒళ్ళోనే మొదలయ్యేవి. ఉడుకు నీళ్ళు పనికిరావు, చన్నీళ్ళూ పనికిరావు. మోచేతికి వెచ్చగా తగిలీ తగలనట్టుండాలి. సబ్బు లేదు, మీగడలో నలిపిన శనగపిండి. కడిగాక సన్నటి మల్లుగుడ్డను పన్నీరు కలిపిన నీళ్ళలో ముంచి నా మొహం మీద పరిచేది. ఆ తడిగుడ్డ కింద కళ్ళు మూసుకుని పడుకుంటే బయటి నుంచి చర్చి గంట, లోపల సాయబు నమాజు గొణుగుడు, పక్కింట్లో బాపు బైబిలు చదివే గొంతు, మూడూ కలిసి వినిపించేవి. గుడ్డ తీశాక ఖాలాకు ఎక్కడలేని తొందర వచ్చేది. తుడవనిచ్చేది కాదు. "తడి ఆరకముందే, బేటీ, తడి ఆరకముందే" అంటూ తేనెమైనం మలాం వేలికొసలతో అద్దేది. మైనాన్ని నువ్వులనూనెలో కరగబెట్టి, పన్నీరు కొంచెం కొంచెంగా పోస్తూ వెన్నలాగా తెల్లబడేదాకా గిలక్కొడితే వచ్చే మలాం అది. ఆ మొదటి ఏడు క్రిస్మసు నాటికి నా చెంపల పగుళ్ళు మూసుకున్నాయి. చర్చిలో పిల్లల పాటకు అమ్మ నన్ను మొదటిసారి ముందు వరుసలో నిలబెట్టింది. బయట మెట్ల కింద ఖాలా బురఖా ముసుగు ఎత్తి నన్నే చూస్తూ నిలబడింది.

కాలం చెడిపోవడం పిల్లలకు వెంటనే తెలియదు. నల్లగొండ దిక్కు దొరల మీద జనం తిరగబడ్డారని, అడవుల్లో తుపాకులు పట్టారని పెద్దవాళ్ళు తలుపులు వేసుకుని మాట్లాడుకునేవారు. మా వీధిలో నిజాం తరఫున ఖాకీ తొడుక్కుని, బల్లేలు పట్టుకుని కవాతు చేసే జవాన్లు పెరిగారు. పల్లెల నుంచి బండ్లలో సామాన్లు వేసుకుని జనం వచ్చేవారు, ఇంకొన్నాళ్ళకు ఇక్కడివాళ్ళు బండ్లు కట్టుకుని ఇంకెక్కడికో పోయేవారు. ఒక సాయంత్రం ఆ జవాన్లు కొందరు మా గుమ్మంలోకి వచ్చారు. బాపు దగ్గర చదువుకున్న ఒకతను ఆ తిరగబడ్డవాళ్ళ సంఘంలో కలిశాడట, అతనికి ఈ ఇంట్లో అన్నం పెట్టారట. బాపు అట్లాంటిదేమీ లేదని చెబుతుంటే ఒకడు ఆయన చొక్కా పట్టుకున్నాడు. అమ్మ నన్ను వెనక్కి లాక్కుంది.

సాయబు గోడసందులోంచి వచ్చాడు, భట్టీ దగ్గర నుంచి లేచి వచ్చినట్టున్నాడు, చేతులకు గోధుమపిండి. బాపుకూ వాళ్ళకూ మధ్యన నిలబడి ఉర్దూలో చాలాసేపు మాట్లాడాడు. నాకు అర్థమైంది కొంచెమే. చివర మాత్రం తెలుగులో అన్నాడు, మాకు కూడా తెలియాలనేమో: "ఈ ఇల్లు, ఆ ఇల్లు ఒక్కటే. నడుమ గోడ సుత లేదు, సూస్కోండ్రి. ఈయనను తీస్కపోతే నన్ను సుత తీస్కపోండ్రి." వాళ్ళు గొణుక్కుంటూ పోయారు. ఆయన బాపు చొక్కా మీద అంటిన పిండిని దులిపి, భట్టీ మాడిపోతుందని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి అమ్మ ప్రార్థనలో ఆయన పేరు చెప్పింది. అప్పుడే నాకు ఆయన పేరు తెలిసింది. ఇక్కడ రాయను.

వానలు వెనకపట్టు పడుతున్న రోజుల్లో విమానాలు వచ్చాయి. ఇండియా మిలిట్రీ బండ్లు వచ్చాయి. నిజాం లొంగిపోయాడన్నారు. జనం వీధుల్లోకి వచ్చి చక్కెర పంచుకున్నారు. బాపు కూడా తెచ్చాడు, మొదట ఖాలా వాళ్ళకే ఇచ్చాడు. సాయబు ఒక పలుకు నోట్లో వేసుకుని, "ఇగ బడికి పిల్లలు వస్తరు సారూ" అన్నాడు. అంతకుముందు దాకా మా గుండెల్లో ఉన్న భయం ఇల్లు మారి వాళ్ళింటికి పోయిందన్న సంగతి మాకు రెండు మూడు రోజులకు గానీ తెలియలేదు. పల్లెల్లో ఎవరో చేసిన పాపాలకు ఇంకెవరినో పట్టుకుంటున్నారని వార్తలు వచ్చాయి. ఖాలా తల్లి రేగోడ్‌లో ఒక్కతే ఉంటుంది. ముసలామె, కళ్ళు కనబడవు. ఖాలా అన్నం మానేసింది. సాయబు ఆమెను తీసుకొస్తానని బయలుదేరాడు.

"పోకు సాయబూ. నాలుగు దినాలు ఆగు, దారులు మంచిగలేవు" అన్నాడు బాపు.

"ఆ దారిల నన్ను ఎరుగనోళ్ళు ఎవరున్నరు సారూ? ఎవల ఇంట్ల పెండ్లయినా నా పన్నీరే చల్లిన్రు" అన్నాడు సాయబు. చెప్పులు తొడుక్కుని, రుమాలు తలకు చుట్టుకుని, ఎప్పటిలాగే బజారుకు పోతున్నట్టు పోయాడు. ఆ ముసలామెను అప్పటికే చుట్టాలు బండిలో వేసుకుని బీదరు దిక్కు తీసుకుపోయారని మాకు తర్వాత తెలిసింది.

ఆయన పోయిన మర్నాడు మధ్యాహ్నం వీధి చివర అరుపులు వినబడ్డాయి. అమ్మ గోడసందులోంచి వెళ్ళి ఖాలాను చెయ్యి పట్టి లాక్కొచ్చింది, తన చీర కట్టబెట్టింది, వంటింట్లో నా పక్కన కూర్చోబెట్టింది. మేము ముగ్గురం చప్పుడు చేయకుండా కూర్చుని విన్నాము. పక్కింట్లో డేగిసా దొర్లింది. సీసాలు పగిలాయి, ఒకటి తర్వాత ఒకటి, ఎంతసేపటికీ ఆగకుండా. తర్వాత వాసన వచ్చింది. ఏడాది పన్నీరంతా మోరీలోంచి వీధిలోకి పారింది. దాని మీద వాన పడ్డది. కొన్ని రోజుల పాటు మా వాడంతా పెళ్ళివారి ఇల్లులాగా వాసన వేసింది. ఈనాటికీ పెళ్ళి పందిట్లో పన్నీరు చల్లితే నేను లేచి అవతలికి పోతాను. ఎలర్జీ అని చెబుతాను.

సాయబు రాలేదు. బాపు సైకిలు తీసుకుని రేగోడ్ దారి పట్టాడు. మూడో రోజు సాయంత్రం తిరిగొచ్చి, సైకిలు గోడకు ఆనించి, లోపలికి రాకుండా అక్కడే నిలబడ్డాడు. ఖాలా గుమ్మంలోకి వచ్చింది. "ఏమన్న తెల్సిందా, భాయ్?" అంది. "లేదు చెల్లె. ఎవ్వరు చూడలేదంటున్నరు" అన్నాడు బాపు. ఆమె తల ఊపి, ఆయనకు కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు తెచ్చి పెట్టింది. ఆ తర్వాత ప్రతి పొద్దునా బాపు బడికి బయలుదేరుతుంటే అదే ప్రశ్న వేసేది, అదే జవాబు వినేది. మా వెనక గదిలో ఉండేది. రాట్నం ముందేసుకుని కూర్చునేది గానీ నూలు తెగిపోతే అతికేది కాదు.

చలి వచ్చింది. ఆ ఏడు నా చెంపల కంటే ముందు ఖాలా చెంపలు పగిలాయి. ఏడుపు ఉప్పునీళ్ళు చెంపల మీద ఎండి, మళ్ళీ ఏడిస్తే మళ్ళీ ఎండి, కళ్ళ కింద చర్మం కాగితంలాగా లేచింది. నీళ్ళు తగిలితే మంటని ఆమె మొహం కడగడం మానేసింది. అమ్మ బతిమాలింది, కసిరింది, వినలేదు. ఒక పొద్దున నేను గోరువెచ్చటి నీళ్ళు గిన్నెలో పోసుకుని, అమ్మ పాత చీర ముక్కను ముంచి, ఆమె దగ్గరకు పోయి నిలబడ్డాను. నన్ను కసరలేదు. మొహం పైకెత్తి కళ్ళు మూసుకుంది. గుడ్డ పరిచాను. గుడ్డ కింద ఆమె ఊపిరి వెచ్చగా నా చేతులకు తగిలింది. తీశాక మా ఇంట్లో మిగిలిన మలాం అద్దాను. నేను అద్దుతుంటే గులాబీ వాసనకు ఆమె కళ్ళ నుంచి మళ్ళీ నీళ్ళు కారేవి, అవి మలాం మీద నిలవకుండా జారిపోయేవి. అట్లా చాలా పొద్దులు గడిచాయి. చెంపలు కొంచెం మానాయి. ఆమె ఎదురుచూస్తోంది గనకే మొహం కడగనిస్తోందని అమ్మ నాతో అంది. మగడు వస్తే ఈ మొహంతో కనబడలేను కదా అని ఖాలా ఒకసారి తనతో అన్నదట.

చలి ముదిరిన రోజుల్లో మలాం అయిపోయింది. అమ్మ ఎక్కడో అడిగి గిద్దెడు పన్నీరు సంపాదించి, మైనం కరిగించి, ఖాలా చేసినట్టే గిలక్కొట్టి కొత్త మలాం చేసింది. మొదటిసారి అంత తెల్లగా కుదిరినందుకు సంబరపడింది. మర్నాడు పొద్దున నేను గిన్నె తీసుకుని వెనక గదిలోకి పోతే ఖాలా అప్పటికే లేచి, గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది. చేతులకు గాజులు లేవు. కళ్ళలో సుర్మా లేదు. మలాం వాసన తగలగానే నా చెయ్యి ఆపింది. అమ్మను పిలిచింది.

"రత్నమ్మా, ఖుష్బూ లేనిది ఉంటే పెట్టు. నాకు ఇగ ఖుష్బూ వద్దు."

తురకల్లో మగడు పోయిన ఆడమనిషి నాలుగు నెలల పది రోజుల గడువు తీరేదాకా సువాసన ఏదీ ఒంటికి రాసుకోదని నాకు అమ్మ ఆ రోజే చెప్పింది. అప్పటిదాకా ఖాలా ఆ గడువు మొదలుపెట్టలేదు. ఎవరూ చూడలేదన్నప్పుడు ఎట్లా మొదలుపెడుతుంది? ఆమెకు ఎట్లా తెలిసిందో నేను అడగలేదు, నాకు చెప్పలేదు. అమ్మ ఆ మలాం తీసి అవతల పెట్టేసింది. మళ్ళీ మైనం కరిగించి, ఈసారి బావినీళ్ళు పోసి గిలక్కొట్టింది. దానికి ఏ వాసనా లేదు. పన్నీరు సాయబు పెళ్ళానికి ఆ చలికాలమంతా నేను అదే అద్దాను.

గడువు తీరాక పట్నం నుంచి ఖాలా తమ్ముడు వచ్చాడు. పోయేరోజు ఆమె నా గదుమ పట్టుకుని చెంపలు అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది. "ఎండాకాలం సుత ఇడువకు" అంది అంతే. ఒకటి రెండేళ్ళు ఆమె ఖబరు తెలిసేది. తర్వాత బాపు పట్నం పోయినప్పుడు వెతికితే, ఆ ఇల్లు ఖాళీ చేసి ఎటో పోయారని చెప్పారట. పాకిస్తాను అన్నారొకరు, గుల్బర్గా అన్నారొకరు. కూలిన గోడను బాపు ఆ తర్వాత ఎప్పుడూ కట్టించాలనలేదు. చివరికి ఆ ఇల్లు కొన్నవాళ్ళే కట్టించుకున్నారు.

ఇప్పుడు మెదకు పోతే ఆ వాడ నాకు దారి తప్పుతుంది. మూడంతస్తుల మేడలు, కింద దుకాణాలు. వాటిలో ఒకటి మొహాలకు మెరుగు దిద్దే పార్లరు. పోయినసారి దాని ముందు ఆటో ఆపించుకుని కాసేపు కూర్చున్నాను. అద్దాల వెనక ఒక అమ్మాయి కళ్ళు మూసుకుని పడుకుని ఉంది, మొహం మీద తడి గుడ్డలాంటిదేదో. ఇంకో అమ్మాయి పక్కన కూర్చుని ఫోను చూసుకుంటోంది. ఇప్పుడు మొహానికి లేనిది లేదు. ఏ సీసాలో ఏముందో చదువుకోవచ్చు, నచ్చకపోతే వాపసు ఇవ్వచ్చు. మా మనవరాలి చర్మం నిగనిగలాడుతుంది, చూస్తే నాకు సంతోషమే. ఆ రోజులు మంచివని నేను ఎన్నడూ అనను, అంత భయం ఏ పిల్లకూ వద్దు. కానీ పక్కింటి మనిషి తన పొద్దంతా పక్కన పెట్టి నా మొహాన్ని ఒళ్ళో పెట్టుకున్నది కూడా ఆ రోజుల్లోనే. ఆ రెంటినీ విడదీసి ఒకదాన్నే గుర్తు పెట్టుకోవడం నాకు చేతకాలేదు.

బాపు పెద్ద వయసులో, మెదకులోనే, నిద్రలో పోయాడు. శవపెట్టె రాకముందు అమ్మ ఆయన మొహం తానే కడుగుతానంది. నేను గిన్నె పట్టుకుని పక్కన కూర్చున్నాను. గది తలుపు దగ్గరగా వేసి, ఆయన చెంప తుడుస్తూ, నా వైపు చూడకుండా అమ్మ చెప్పింది.

"సాయబు దొరికిండు మీ బాపుకు. దారిల ఒక ఊరి బయట. చెప్పనీకె నోరు రాలే. ఆమె పొద్దుగాల అడుగుడు, ఈయన తెల్వదనుడు. ఎన్నాళ్ళో మోసిండు. ఆఖరికి ఆ చలికాలం ఒకనాడు తెల్లారుతుంటే పోయి ఆమె ముంగట కూసొని చెప్పేసిండు. ఏడ్వలేదంట. ఒక్కటే అడిగింది. మొఖం కడిగిన్రా భాయ్ అన్నదంట. కడిగిన చెల్లె, మంచిగ కడిగిన అన్నడు."

"కడిగిండా అమ్మా?" అన్నాను.

"ఏడ కడుగుతడు బిడ్డా. ఈయన పొయ్యేసరికే ఆ ఊరోళ్ళు మట్టి కప్పిన్రు. ఆ మట్టి దగ్గర కూసొని వచ్చిండు." అమ్మ ఆయన గడ్డం కింద తుడిచింది. "తెల్వదన్న అబద్ధం ఈయననే దిద్దుకుండు. కడిగినన్నది దిద్దుకోలే. దిద్దుకుంటనంటే నేనే వద్దన్న."

గుడ్డను మళ్ళీ నీళ్ళలో ముంచి, పిండి, నుదుటి దగ్గర నుంచి మెల్లగా తుడవడం మొదలుపెట్టింది.